అది ఒట్టి నీరసం కాదు!

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవారికి కీసర అంటే టోల్‌గేటు. బండి కాస్త నెమ్మదించి మళ్లీ వేగం అందుకునే చోటు. ఊళ్లో ఉండేవారికి మాత్రం కీసర అంటే మున్నేరు, పత్తిచేలు, మిరపతోటలు. అటు కంచికచర్ల, ఇటు నందిగామ, ఆపైన జగ్గయ్యపేట... ఈ మెట్ట ఊళ్లలో ఆడవాళ్ల పని ఒక్కరోజు గమనించండి. పొద్దున్నే వాకిలి ఊడ్చి, గొంతుక్కూర్చుని ముగ్గేయాలి. బిందె ఎత్తి చంకన పెట్టుకోవాలి. కత్తిపీట ముందు కూర్చుని కూర తరగాలి. చేలో వంగి కాయ కోయాలి. కోసిన కాయను గంపకెత్తి నెత్తిన పెట్టుకోవాలి. సాయంత్రం కూలీల ఆటో ఎక్కాలి. కూర్చోవడం, లేవడం, ఎత్తడం, ఎక్కడం... రోజంతా ఇదే. ఎన్నిసార్లు కూర్చుని లేచారో ఎవరూ లెక్కపెట్టరు. లేవలేకపోయిన రోజునే ఆ లెక్క గుర్తొస్తుంది.

ఆ రోజు వచ్చినప్పుడు ఇంట్లో వినిపించే మాట ఒక్కటే... 'నీరసం'. ఎండకు నీరసం, తిండి సరిపోక నీరసం, రక్తం తక్కువై నీరసం, వయసు పైబడి నీరసం. చాలాసార్లు అది నిజమే కూడా. కానీ, ఎప్పుడో ఒకసారి ఆ మాట చాటున ఓ పెద్ద జబ్బు దాక్కుంటుంది. దాని పేరు మయోసైటిస్. అంటే కండరాల్లో వచ్చే వాపు.

పేరు తెలిసింది... జబ్బు తెలియలేదు!

2022 అక్టోబరు దాకా ఈ పేరు విన్న తెలుగువాళ్లు చాలా తక్కువ. ఆ నెల 29న సినీనటి సమంత తనకు మయోసైటిస్ ఉన్నట్టు కొన్ని నెలల క్రితం తేలిందని ఇన్‌స్టాగ్రామ్‌లో రాసింది. చేతికి సెలైన్ గొట్టం, ఎదురుగా డబ్బింగ్ మైకు... ఆ ఫొటో రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటికీ చేరింది. పక్షం రోజులు తిరక్కముందే 'యశోద' విడుదలైంది. జబ్బు పేరు పత్రికలకెక్కింది, టీవీ చర్చలకెక్కింది.

పేరుతోపాటే ఓ అపోహ కూడా వచ్చింది... 'అది సినిమావాళ్లకొచ్చే జబ్బు' అని! డైటింగ్ చేసేవాళ్లకి, జిమ్ములో బరువులెత్తేవాళ్లకి వస్తుందని ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. నిజానికి మయోసైటిస్‌కి గ్లామరుతో పనిలేదు. అరుదైన జబ్బే. లక్షమందిలో కొద్దిమందికే వస్తుంది. కానీ, ఆ కొద్దిమందిలో కీసర వాళ్లు ఉండకూడదని ఎక్కడా లేదు.

2024 ఫిబ్రవరిలో మరో వార్త వచ్చింది. 'దంగల్' సినిమాలో చిన్నప్పటి బబితా కుమారిగా నటించిన సుహానీ భట్నాగర్ ఢిల్లీ ఎయిమ్స్‌లో కన్నుమూసింది. పందొమ్మిదేళ్ల అమ్మాయి. జబ్బు పేరు డెర్మటోమయోసైటిస్. మయోసైటిస్‌లోనే ఒక రకం. ఒకే కుటుంబానికి చెందిన జబ్బుతో ఒకరు మళ్లీ కెమెరా ముందుకొచ్చారు, మరొకరు రాలేకపోయారు. రకాన్ని బట్టి, తీవ్రతను బట్టి, అది పాకిన అవయవాన్ని బట్టి ఎవరి కథ వారిది. అందరిలోనూ పనికొచ్చేది మాత్రం ఒకటుంది... తొందరగా గుర్తుపట్టడం.

ఓ ఇల్లాలి సంగతి అనుకుందాం...

కీసరలో ఓ ఇల్లాలు ఉందనుకుందాం. నలభై అయిదేళ్లుంటాయి. మొదట బిందె చంకనెత్తుకోవడం కష్టమైంది. ఎవరికీ చెప్పలేదు, సగం బిందె తెచ్చుకోవడం మొదలెట్టింది. తర్వాత జడ వేసుకుంటుంటే చేతులు పైన నిలవడం లేదు. మధ్యలో రెండుసార్లు దించాల్సి వస్తోంది. కూతుర్ని పిలిచి వేయించుకుంది. 'ఇదేం వయ్యారమే!' అని అత్తగారు నవ్వింది. నెల తిరిగేసరికి కత్తిపీట ముందు నుంచి లేవాలంటే గోడ కావాల్సి వచ్చింది. ఆటో మెట్టు ఎక్కలేక పక్కావిడ చెయ్యి పట్టుకుంది.

'నీరసంగా ఉంటోందయ్యా' అంది మొగుడితో. 'తిండి తినకపోతే ఉండదా మరి!' అన్నాడాయన. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికెళితే రెండు సెలైన్లు ఎక్కించి, బలానికి ఓ సూది వేశాడు. రెండురోజులు బాగున్నట్టే అనిపించింది. మళ్లీ మామూలే. ఈసారి నందిగామలో రక్తపరీక్ష చేయించారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువున్నాయన్నారు. 'అయితే కామెర్లే' అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. పసరుమందు మొదలైంది, పథ్యం మొదలైంది. ఉప్పూకారం లేని చప్పిడి తిండితో ఉన్న కాస్త కండా కరిగింది.

ఈ ఇల్లాలు ఊహే. కానీ, ఆమె నడిచిన దారి ఊహ కాదు. మయోసైటిస్ రోగుల్లో చాలామంది సరైన డాక్టరు దగ్గరికి చేరేలోపు ఇలాంటి మలుపులన్నీ తిరిగే వస్తారు. ఆమె కథలో ప్రతి మలుపు దగ్గరా ఒక ఆనవాలుంది. ఎవరూ దాన్ని చదవలేదంతే.

నొప్పి కాదు... బలం!

మొదటి ఆనవాలు, ఆమె 'నొప్పి' అనలేదు. కండరాల వాపు అనగానే ఒళ్లంతా సలుపుతుందనుకుంటాం. కొందరికి నొప్పి ఉంటుంది, చాలామందికి పెద్దగా ఉండదు. అసలు లక్షణం బలం తగ్గిపోవడం. అలిసిపోయిన మనిషికి కాసేపు పడుకుంటే ఓపిక వస్తుంది. ఈ జబ్బులో ఎంత పడుకున్నా, చెయ్యి పైకెత్తాలన్నా నేల మీంచి లేవాలన్నా కండరం మాట వినదు.

రెండోది, ఏ కండరాలన్నది. ఎక్కువ రకాల్లో మొండేనికి దగ్గరుండే కండరాలే ముందు దెబ్బతింటాయి... భుజాలు, పిరుదులు, తొడలు, మెడ. అందుకే ఆమె చొక్కా గుండీ పెట్టగలదు, జడ వేసుకోలేదు. చెప్పులు లాగించుకుంటూ నడవగలదు, మెట్టెక్కలేదు. మూడోది, రెండువైపులా ఒకేలా, వారాల తరబడి పెరుగుతూ రావడం. ఉన్నట్టుండి ఒకపక్క చెయ్యి, కాలు పడిపోతే అది పక్షవాతం... ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండూ ఒకటి కావు.

గొంతు కండరాలకూ ఈ వాపు పాకొచ్చు. అన్నం ముద్ద దిగదు, మంచినీళ్లు ముక్కులోకొస్తాయి, తింటుంటే పొలమారుతుంది. ఊపిరితిత్తులకు చేరితే పొడిదగ్గు, ఆయాసం. గుండె కండరమూ దీనికి అతీతం కాదు. మింగలేకపోవడం, ఊపిరాడకపోవడం మొదలయ్యాయంటే 'చూద్దాంలే' అనుకోవడానికి ఇక టైము లేదనే అర్థం.

ఎందుకొస్తుంది?

మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఊరికి కాపలావాడిలాంటిది. బయటి నుంచి వచ్చే సూక్ష్మజీవుల్ని తరిమికొట్టడం దాని పని. ఒక్కోసారి కాపలావాడే సొంతింటి మీద కర్ర ఎత్తుతాడు. అది కీళ్ల మీద పడితే రుమటాయిడ్ ఆర్థరైటిస్, కండరాల మీద పడితే మయోసైటిస్. వీటిని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు.

ఎందుకలా ఎదురుతిరుగుతుందన్నది పూర్తిగా తేలలేదు. జన్యువుల్లో కొంత మొగ్గు ఉంటుంది. దానికి బయటి నుంచి ఏదో ఒకటి నిప్పంటిస్తుంది... వైరస్ కావచ్చు, తీవ్రమైన ఎండ కావచ్చు, కొన్ని మందులు కావచ్చు. కొందరు పెద్దల్లో ఒంట్లో దాగిన క్యాన్సర్ కూడా కారణమవుతుంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. తల్లికుంటే బిడ్డకు వచ్చి తీరాలనీ లేదు. కాయకష్టం వల్ల వచ్చేది కాదు, ఎవరి శాపమూ కాదు. చాలా రకాలు మగవారికంటే ఆడవారిలోనే ఎక్కువ.

సూక్ష్మజీవులు నేరుగా కండరాన్ని పట్టే రకాలు వేరే ఉన్నాయి. ఫ్లూ జ్వరం తగ్గుతుండగా కొందరు పిల్లలు పిక్కల నొప్పితో అడుగు వేయలేకపోతారు. చాలావరకు వారంలోపే అదే సర్దుకుంటుంది. బ్యాక్టీరియా చేరి తొడలోనో పిరుదులోనో చీము పడితే మాత్రం జ్వరం, ఒకేచోట విపరీతమైన నొప్పి ఉంటాయి. దానికి యాంటీబయాటిక్సూ, చీము తీయడమూ వైద్యం. ఆటోఇమ్యూన్ రకాల సంగతి అలా కాదు. అవి ఏళ్ల తరబడి వెంటే ఉంటాయి.

ఒక పేరు... పలు రకాలు

డెర్మటోమయోసైటిస్: చర్మమూ కండరమూ రెండూ దెబ్బతినే రకం. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ల కణుపుల మీద గరుకు మచ్చలు, మెడ కింద, భుజాల మీద కమిలినట్టు దద్దురు. ఎండలోకెళితే ఎక్కువవుతుంది. మన చామనఛాయ ఒంటి మీద ఇది ఎర్రగా కనిపించదు. ముదురు గోధుమరంగుగానో, నలుపుగానో ఉంటుంది. అందుకే మొహం మీదైతే మంగు అనుకుంటారు. మిరపకాయలు కోసే చేతుల మీదైతే ఘాటుకు కమిలిందనుకుంటారు. మచ్చలతోపాటు బలం కూడా తగ్గుతోందా అన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. పెద్దవారిలో ఈ రకం బయటపడితే డాక్టర్లు క్యాన్సర్ పరీక్షలు కూడా చేయిస్తారు. భయపెట్టడానికి కాదు, ఉంటే ముందే పట్టుకోవడానికి.

పిల్లల్లో వచ్చే రకం: ఇదీ డెర్మటోమయోసైటిసే. ఆడపిల్లల్లో ఎక్కువ. క్యాన్సర్‌తో సంబంధం ఉండదు. ఆటల్లో వెనకబడడం, నేల మీంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించుకోవడం, మొహం మీద మచ్చలు, విసుగు. బడిలో 'బద్ధకం' అనే ముద్ర పడేది ఇలాంటి పిల్లలకే. సరైన వైద్యం ఆలస్యమైతే చర్మం కింద సున్నపు గడ్డల్లాంటివి తేలతాయి.

యాంటీసింథటేజ్ సిండ్రోమ్: కండరాలతోపాటు ఊపిరితిత్తులు, కీళ్లు దెబ్బతింటాయి. చలికి వేళ్లు తెల్లబడతాయి. వేళ్ల పక్కలు మెకానిక్ చేతుల్లా పగులుతాయి. ఆయాసమే ముందొచ్చి, కండరాల సంగతి తర్వాత బయటపడే వారూ ఉన్నారు.

నెక్రోటైజింగ్ రకం: కండర కణాలు చచ్చిపోతూ బలం వేగంగా పడిపోయే రకం. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మాత్రలు అరుదుగా దీనికి కారణమవుతాయి. ఈ మాట చదివి మాత్ర మానేయకండి! గుండెజబ్బుల నుంచి అవి ఎంతోమందిని కాపాడుతున్నాయి. తొడల్లో, భుజాల్లో బలం తగ్గుతుంటే మాత్రం డాక్టరుకి ఆ మాత్ర పేరు చెప్పండి.

ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్: యాభై దాటిన మగవారిలో ఎక్కువ. తొడ ముందు కండరాలు, వేళ్లు ముడిచే కండరాలు ఏళ్ల మీద మెల్లగా కరుగుతాయి. మోకాలు మడతపడి ఊరికే పడిపోతుంటారు, చేతిలో గ్లాసు జారుతుంది. స్టెరాయిడ్లు దీనిమీద పనిచేయవు. వ్యాయామమే ప్రధానమైన ఆసరా.

పాలీమయోసైటిస్: చర్మం మీద ఏమీ లేకుండా కండరాలకే వచ్చే వాపు. ఒకప్పుడు డాక్టర్లు ఎక్కువగా రాసిన పేరిదే. యాంటీబాడీ పరీక్షలు వచ్చాక వీటిలో చాలావరకు పై రకాల్లోకే మారిపోయాయి.

కామెర్లు కానేకావు!

ఆ ఇల్లాలి విషయంలో పెద్ద తప్పుదారి పట్టించినవి ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ. ఇవి కాలేయంలోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. కండరం దెబ్బతిన్నా రక్తంలో పెరుగుతాయి. కళ్లు పచ్చబడకుండా, బిలిరుబిన్ మామూలుగానే ఉండి, ఈ రెండే పెరిగి, మనిషికి బలం తగ్గుతోందంటే మరో పరీక్ష అడగాలి. దాని పేరు సీపీకే. సీకే అని కూడా రాస్తారు. ఓ మోస్తరు ల్యాబుల్లోనూ చేస్తారు. మామూలుగా రెండొందల లోపుండే ఈ అంకె మయోసైటిస్‌లో వేలల్లోకి వెళ్లొచ్చు. అయితే, డెర్మటోమయోసైటిస్‌లో ఒక్కోసారి మామూలుగానూ ఉంటుంది. కాబట్టి అంకె బాగుందని లక్షణాన్ని కొట్టిపారేయకూడదు.

బలం తగ్గిన ప్రతివారికీ మయోసైటిస్ అనుకోనక్కర్లేదు. థైరాయిడ్ మందగించినా, విటమిన్-డి బాగా తగ్గినా, రక్తంలో పొటాషియం పడిపోయినా, రోజూ తాగే అలవాటున్నా కండరాలు బలహీనపడతాయి. వీటిలో చాలావాటికి తేలికైన వైద్యముంది. అందుకే డాక్టరు ముందు వాటిని చూస్తారు. తర్వాత కండరాలకు ఈఎంజీ, తొడలకు ఎమ్మారై, మయోసైటిస్ యాంటీబాడీలు, అవసరమైతే చిన్న కండరం ముక్క తీసి బయాప్సీ. ఊపిరితిత్తులకు స్కాను.

ఈ జబ్బు చూసేది రుమటాలజిస్టు లేదా న్యూరాలజిస్టు. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. కీసర వాళ్లు ముందు నందిగామ ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, అక్కడి నుంచి విజయవాడకో హైదరాబాద్‌కో చీటీ రాయించుకోవచ్చు. ఊరి ముందున్న పెద్ద రోడ్డు రెండింటికీ పోతుంది.

మందులు... మూడు జాగ్రత్తలు

వైద్యం స్టెరాయిడ్లతో మొదలవుతుంది. ఎదురుతిరిగిన కాపలావాణ్ని ముందు శాంతపరచాలి కదా! నెలల మీద వాటి మోతాదు తగ్గిస్తూ, మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్, మైకోఫినొలేట్ లాంటి మందులు జోడిస్తారు. తీవ్రంగా ఉంటే రిటుక్సిమాబ్, ఇమ్యునోగ్లోబులిన్ సెలైన్లు. ఇవి ఖరీదైనవి. ఆసుపత్రిలోని వైద్యసేవ కౌంటర్లో జబ్బు పేరు రాసిన కాగితం చూపించి ఏమేం వర్తిస్తాయో ముందే అడగడం మంచిది.

ఇంట్లోవారు గుర్తుంచుకోవాల్సినవి మూడు. ఒకటి, స్టెరాయిడ్లను ఉన్నట్టుండి మానేయకూడదు. మొహం ఉబ్బిందనో, షుగర్ పెరిగిందనో సొంతంగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరుకి చెబితే తగ్గించే పద్ధతి చెబుతారు. రెండు, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే విషమే. క్యాలెండర్లో ఆ వారం చుట్టూ గీత గీసి పెట్టుకోండి. మూడు, ఈ మందులు వాడుతుంటే చిన్న జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు.

ఒకప్పుడు ఈ జబ్బున్నవారిని మంచం దిగొద్దనేవారు. ఇప్పుడలా కాదు. డాక్టరు, ఫిజియోథెరపిస్టు చెప్పిన కొలతలో చేసే వ్యాయామం మేలు చేస్తుందని పరిశోధనల్లో తేలింది. మందు మంటను ఆర్పుతుంది, పోయిన కండను తెచ్చేది వ్యాయామమే.

బ్రిటన్ మహానటుడు లారెన్స్ ఒలివియర్‌కి 1974లో డెర్మటోమయోసైటిస్ వచ్చింది. చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. తర్వాత 'మారథాన్ మ్యాన్' లాంటి సినిమాలు చేసి, 1989 దాకా బతికాడు. ఇప్పుడున్న మందుల్లో చాలా అప్పట్లో లేవు. అప్పటికే అంత చేయగలిగితే, ఇప్పుడు ఆశ వదులుకోవాల్సిన పనేముంది?

ఇంట్లోవాళ్ల కన్నే మొదటి పరీక్ష

ఈ జబ్బుని ముందుగా పట్టుకునేది స్కానింగ్ మిషన్లు కావు. అమ్మ సగం బిందే తెస్తోందని గమనించే కూతురు. తను చెయ్యి పట్టుకుంటే తప్ప వదిన ఆటో ఎక్కలేకపోతోందని చూసే ఆడబిడ్డ. నాన్న కుర్చీ చేతులు పట్టుకుని లేస్తున్నాడని కనిపెట్టే కొడుకు. 'వీడు పరుగెత్తడం లేదేంటి?' అని తిట్టకుండా ఆలోచించే పంతులుగారు.

మన ఆడవాళ్లు ఒంట్లో బాగోలేదని చెప్పరు. పని చేసే తీరు మార్చుకుంటారు. సగం బిందె, కూతురి చేత జడ, గోడ ఆసరా... వాళ్లు చెప్పని మాటలన్నీ అక్కడున్నాయి. అందుకే 'నీరసంగా ఉంది' అని ఎవరైనా అంటే, ఈసారి 'ఏం తిన్నావు?' అని ఊరుకోకండి. ఇంకొక్క ప్రశ్న అడగండి.

'ఏ పని చేయలేకపోతున్నావు?'